మా వదిన విన్న డెమో క్లాసులు

నిన్న అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే ఎవరో చేతిలో ఒక కాగితం పెట్టారు. కంప్యూటర్ కోర్సు, మూడు రోజుల డెమో ఉచితమట. ఈ వయసులో నాకెందుకయ్యా అని విసుక్కోబోయి ఫక్కున నవ్వేశాను. మా వదిన మొన్ననే కెనడాలో ఒక యూనివర్సిటీకి ప్రెసిడెంటు, అంటే మన వైస్ ఛాన్సలర్ లాంటిది, అయింది. ఆవిడ కథ మొదలైంది ఇలాంటి కాగితంతోనే.

కాకినాడ నుంచి మా పంజాగుట్ట ఇంటికి కోడలిగా వచ్చిన వదిన, సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరు. అది మూతపడింది. కంప్యూటర్ వస్తే తప్ప ఇంకో ఉద్యోగం దొరికేలా లేదు, కోర్సులో చేరే స్తోమత మాకు లేదు. ఆవిడకు తిండి సయించేది కాదు. చివరికి అమీర్‌పేటలో పంచే డెమో కాగితాలు చూసి ఉపాయం కనిపెట్టింది: ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు రోజుల డెమో, తర్వాత పక్క మెట్లెక్కి ఇంకోదాంట్లో మూడు రోజులు. తోడు నేను. పైగా రిజిస్టర్‌లో తన పేరు రాయడానికి సిగ్గుపడి నా పేరు రాసేది మహాతల్లి! ఇంట్లో ఫోను మోగితే చాలు, ఎప్పుడు చేరుతున్నారు మేడమ్ అని నన్ను పీక్కుతినేవాళ్లు. అన్ని కోర్సుల్లోనూ మొదటి పాఠాలు వచ్చాయి, ఒక్కటీ పూర్తిగా రాలేదు.

కొత్త ఇన్‌స్టిట్యూట్లు అయిపోయాక పాతదానికే మళ్లీ వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాం. పక్కనున్న అమ్మాయికి పాఠం అర్థం కాకపోతే, వదిన ఊరుకోలేక గుసగుసగా విడమరిచి చెప్పింది. క్లాసయ్యాక సారు నేరుగా మా దగ్గరికే వచ్చాడు.

“అక్కా, మీరు పోయిన నెల సుత వచ్చిన్రు గదా?”

“అవునండీ. ఫీజు కట్టలేను. వెళ్లిపోతాను,” అంది వదిన తలెత్తకుండా.

“ఎందుకు పోవుడు? గా పిల్లకు నాకంటె మంచిగ చెప్పిన్రు. రేపటి సంది డెమో మీరే చెప్పుండ్రి. కోర్సంతా ఇక్కడ్నే నేర్చుకోండ్రి.”

మెట్లు దిగుతూ వదిన ఏడ్చింది. ఎందుకో నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, ఆ ఉద్యోగమే కెనడా తీసుకెళ్లింది. అక్కడ పగలు ఆఫీసు, సాయంత్రం కాలేజీలో పాఠాలు. చివరికి ఆఫీసు మానేసి పాఠాలే పట్టుకుంది, పీహెచ్‌డీ చేసి మెట్టు మెట్టుగా పైకెళ్లింది.

నిన్న మెట్రో బయటే నిలబడి ఆ కాగితం ఫొటో పంపగానే ఫోన్ చేసింది. ప్రెసిడెంటయ్యావుగా, ఇక పాఠాలు మానేస్తావా అని అడిగాను.

“కొత్తగా చేరినవాళ్లకి మొదటి క్లాసు నేనే చెప్తాను. ముందు చివరి బెంచీలో ఎవరున్నారో చూస్తాను,” అంది.

ఫోన్ పెట్టేసి, ఏమనిపించిందో, వెనక్కి వెళ్లి కాగితంలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాను. రిజిస్టర్‌లో నా పేరు ఈసారి నేనే రాశాను. ఇన్నేళ్లు గడిచినా, చివరి బెంచీ మీద కూర్చుంటే ఇంకా మొదటి రోజే అనిపించింది.