తిరుత్తణి ప్రెస్సులో అంకె దొరకని అక్షరాలు

యంత్రంలో తెలుగుకు చోటు ఉంచనివారు హాయిగా ఉన్నారు. ఆ చోటు లేనందువల్ల జరిగిన తప్పుకు శిక్ష పడింది మాత్రం అచ్చు పేర్చే ఒక స్త్రీకి.

ఆమె పేరు కాంచన. తిరుత్తణి బజారులో రత్నస్వామి ప్రెస్సులో ఏళ్ల తరబడి తెలుగు అక్షరాలు పేర్చింది. బడిలో చదివింది అరవమే. తెలుగు మాత్రం తండ్రి పక్కన నిలబడి సీసపు అచ్చులు తడుముతూ నేర్చుకొంది. అచ్చులో అక్షరం తిరగబడి ఉంటుంది కనుక ఆమె కళ్లకు తెలుగంటే ఆ తిరగబడ్డ తెలుగే. కాగితం మీద కూడబలుక్కొనే మాటను సీసంలో ఒక్క చూపున పట్టేసేది.

1988లో రత్నస్వామి కంప్యూటరు కొన్నాడు. దాన్ని అమర్చడానికి మద్రాసు నుంచి జయరామన్ వచ్చాడు.

"మెషిన్‌కు అక్షరం తెలీదక్కా, నంబరే తెలుసు. ఉండే నంబర్లలో సగం ఇంగ్లీషుది, మిగతాది తమిళానికి పోయింది. అందుకని తమిళం నంబర్ల మీదనే తెలుగు అక్షరాల బొమ్మలు ఎక్కించినాను," అన్నాడు.

"ఒగే ఇంట్లో రెండు సంసారాలు పెట్టినావు గదయ్యా!" అని రత్నస్వామి నవ్వాడు.

కాంచనకు నవ్వు రాలేదు. తెర మీది తెలుగు ఆమెకు పరాయి ముఖంలా కనిపించింది. కూర్చోలేక లేచేది, అచ్చుల అరల దగ్గరికి వెళ్లి మళ్లీ వచ్చేది. తిరువాలంగాడు రైతు దేవరాజులు కూతురి పెళ్లిపత్రికే ఆ యంత్రంలో తొలి పని. ఆ వైపు తెలుగు ఇళ్లలో పత్రిక పైసగం తెలుగు, కిందిసగం తమిళం. మొదటి ప్రతి కొండమీది స్వామి పాదాల దగ్గర పెడతారు.

"అన్నా, నాకు మనసు కుదురుగా లేదు. ఈ ఒక్కటీ సీసంలోనే పేరుస్తాను."

"అద్దం తెచ్చి తెర ముందర పెట్టుకో, అప్పుడన్నా చదువుతావు!" అని రత్నస్వామి ఎగతాళి చేశాడు.

ఆమె తెర మీది పత్రికను కూడబలుక్కొని చదివి, తప్పేమీ లేదంది. నిజంగానే లేదు. కంప్యూటరు అక్షరాలను అచ్చుతీసే యంత్రం ప్రెస్సులో లేదు కనుక, పత్రికను ఫ్లాపీలో అచ్చుకోసం మద్రాసు పంపారు. అక్కడి యంత్రంలో జయరామన్ ఎక్కించిన బొమ్మలు లేవు. ఆ నంబర్లకు అది తనకు తెలిసిన తమిళ అక్షరాలనే పరిచింది. అచ్చువేసినవారికి ఆ పైసగంలో ఒక్క ముక్క అర్థం కాలేదు. పెళ్లిపత్రిక నెత్తిన కదా, ఏదో సంస్కృత మంత్రమనుకొని వేసేశారు.

దేవరాజులు పత్రికల కట్ట తెచ్చి బల్లమీద విసిరాడు. "యాడయ్యా మా తెలుగు? స్వామి పాదాల కాడ పెడితే పూజారి చదవలేక నా మొగం చూసినాడు!"

"ప్రూఫు చూసింది ఈమేనే," అని రత్నస్వామి వేలు చూపించాడు.

"నేను చూసినప్పుడు తెలుగే ఉండింది మామా, నా బిడ్డ మీద ఒట్టు."

"తెలుగు దారిలో అరవం ఎట్లయితాదమ్మా, రైల్లో పోతా పోతా నేర్చుకొన్నదా?" అన్నాడు దేవరాజులు.

రెండు సంసారాలని నవ్విన రత్నస్వామి మర్నాడే ఆమెను మానిపించి, తెలుగు అచ్చులను కరిగించడానికి బేరం పెట్టాడు. ఇప్పుడు కాంచన వంటింట్లో నిలవదు, వాకిట్లో నిలవదు. సీసం పోతే తనకు పనే కాదు, తెలుగు చదువే పోతుంది.

యంత్రాలు అమ్మేవారూ, వాటికి అంకెల పట్టికలు రాసేవారూ వినండి. ఇంకొకరి అంకెల మీద తెలుగును అద్దెకు ఉంచకండి. ప్రతి లిపికీ ఏ ఊరి యంత్రంలోనూ మారని సొంత అంకెలు ఇవ్వండి. రత్నస్వామీ, ఆ సీసాన్ని కరిగించకు. తప్పు కాంచనది కాదని దేవరాజులు ఎదుట నీ నోటితో చెప్పి, ఆమెను తిరిగి పనిలో పెట్టుకో.