మూత లేపిన కూలి

2022 ఎండాకాలం. ఇల్లందు బస్టాండు దగ్గర మా టిఫిన్ హోటల్. బొగ్గు గనుల షిఫ్టులను బట్టి మా పొయ్యి వెలుగుతుంది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. అయినా ఇన్నేళ్ల హోటల్ పనిలో నాకు బాగా గుర్తున్నది ఒక ఫిజిక్స్ పాఠం.

వెనక గదిలో టేకులపల్లి అమ్మాయి సునీత కిరాయికి ఉండేది. మర్నాడు పినపాకలో ఒక జూనియర్ కాలేజీలో ఆమెకు డెమో క్లాసు. అంటే ఎంపిక చేసేవాళ్ల ముందు పిల్లలకు పాఠం చెప్పి చూపించాలి. అంతకుముందు రెండు చోట్ల, పిల్లలకు అర్థం కాలేదని పంపేశారు. ఈసారీ రాకపోతే బట్టల దుకాణంలో చేరిపోతానంది.

ఆ రోజు మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ధరల బోర్డు వెనక్కి తిప్పి ఇచ్చాను. "నాకు చెప్పు. సమజ్ కాకుంటె ఊకోను, చూస్కో" అన్నాను.

రెండు గిన్నెలు గీసింది. రెండింట్లో ఒకే కొలత గాలి. ఒకదాని మూత బిగించి ఉంది, రెండోదాని మూత పైకి జరుగుతుంది.

"అవ్వా, రెండిట్ల గాలికి వేడి ఒకటే రావాలె. కానీ రెండోదానికి వేడి ఎక్కువ ఇయ్యాలె."

"ఒకటే అంటివి, మల్ల ఎక్కువంటివి. పొద్దుగాల ఒక మాట, మాపటికి ఒక మాటనా పిల్లా?"

మళ్లీ చెప్పింది. మళ్లీ అదే చిక్కు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపు పిల్లలు గూడ గిట్లనే చూస్తరు అవ్వా."

జాలేసింది కానీ నేను తలూపలేదు. "ఏడ్వకు. పొయ్యి నుంచి వచ్చేది సెగ. చెయ్యి పెడితె తగిలేది వేడి. నువ్వు ఏది ఒకటంటున్నవ్, ఏది ఎక్కువంటున్నవ్?"

సుద్దముక్క పట్టుకుని బోర్డు మీది గిన్నెల వైపు మళ్లీ చూసింది. తర్వాత నవ్వింది. "అయ్యో, రెండిటికీ వేడి అనే అంటున్న!"

ఇక పాఠం గాడిలో పడింది. మూత బిగిస్తే సెగంతా గాలిని వేడెక్కించడానికే పోతుంది. ఒక మోల్, అంటే లెక్క కోసం పెట్టుకున్న ఒక కొలత గాలికి, ఒక్క డిగ్రీ పెరగడానికి పట్టే ఆ సెగ పేరు సీవీ. మూత జరిగేదాంట్లో సెగ గాలిని అంతే వేడెక్కించాలి, పైగా మూతనూ లేపాలి. ఆ మొత్తం సీపీ.

"అయితే మూత లేపిన కూలి ఎంత?"

"ఒత్తిడిని పెరిగిన జాగతోని గుణిస్తె వస్తది. మోల్ గాలికి డిగ్రీకి అది ఎప్పుడూ ఒకటే అంకె, దాన్ని ఆర్ అంటం. సీపీ నుంచి సీవీ తీసేస్తే ఆర్."

"మూత బరువున్నా గంతేనా?"

"గంతే అవ్వా. బరువు మూతయితే కొంచమే లేస్తది."

"గట్లయితె నమ్మొచ్చు. మోసం లేని కూలి."

మర్నాడు సాయంత్రం బస్సు దిగి నేరుగా వంటింట్లోకే వచ్చింది. "అవ్వా, వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, రెండూ వేడే గదా మేడం అన్నది. సెగ వేరు, వేడి వేరని నీ మాటే చెప్పిన, అందరికీ సమజైంది. నాకెంత సంబురమైందో!" ఉద్యోగం ఆమెకే వచ్చింది.

ఆకలైతే అడిగి వడ్డించుకుంటాం. అర్థం కాకపోతే మాత్రం సిగ్గుపడి తలూపుతాం. ఆ ఉత్తి తలూపుడు చెప్పేవాళ్లకే చేటని సునీత వల్ల తెలిసింది. అర్థం కాని చోట తలూపకుండా, మళ్లీ చెప్పమని అడగడమే మేలు.