నిన్ననే అయిపోయిన పుస్తకం

యూదుల పస్కా పండగ ముందు రోజు తెల్లారేసరికి యెరూషలేములోని ఆ సందు ప్రార్థనామందిరం కిటకిటలాడిపోయింది. భక్తి కాదు లెండి, ఆకలి. ఇంటికి పెద్దకొడుకుగా పుట్టిన ప్రతివాడికీ ఆ రోజు ఉపవాసం. అయితే ఆ పొద్దున ఎవరైనా ఒక పవిత్ర గ్రంథం చదవడం అందరి ముందూ పూర్తి చేస్తే అది విందు కిందే లెక్క, విన్నవాళ్లంతా నిక్షేపంగా తినొచ్చు. అందుకే చదివేవాళ్లు చివరి నాలుగు మాటలూ అట్టేపెట్టి ఆ పొద్దుటిదాకా వాటి జోలికి పోరు.

ఏటా ఆ పని చేసేది మందిరం గురువు హఖాం ఎజ్రా గారి అల్లుడు, ఈసారి అతను కాపురం హైఫాకి మార్చేశాడు. "నేనున్నాగా!" అని లేచాడు శబ్తాయ్. సందులో రాగి గిన్నెలన్నిటికీ కళాయి వేసేది అతనే. పెద్ద గ్రంథాల చివర తోకల్లా వేలాడే చిన్న పొత్తాలు కొన్ని ఉంటాయి, వాటి మొహం చూసేవాళ్లే తక్కువ. వాటిలో ఒకటి పట్టుకుని చలికాలమంతా కూచున్నాడు. అతిథి ఎలా మెలగాలి, గిన్నెలో ముందు ఎవరు చెయ్యి పెట్టాలి, పోట్లాడుకున్నవాళ్లు ఎలా కలవాలి, అన్నీ అందులో ఉన్నాయి.

"మర్యాదల పుస్తకమా? ముందు నీ నోటికి కళాయి వేయించుకో మామా!" అనేవాడు మసాలా దినుసుల కొట్టు మెనాషే.

"నీకేం తెలుసురా? ఒకళ్లని అడక్కుండా ప్రతి మాటా అర్థం చేసుకుంటున్నాను!" అని శబ్తాయ్ మీసం దువ్వేవాడు.

ఆ రోజు రానే వచ్చింది. బల్ల మీద ఖర్జూరాలు, నువ్వుల బిస్కెట్లు, సోంపు సారా. శబ్తాయ్ పుస్తకం తెరిచాడు. అప్పుడు గుర్తొచ్చింది. తడబడకూడదని నిన్న రాత్రి భార్య బహియా ముందు చదివి చూసుకున్నాడు. ఆ ఊపులో చివరి మాట దాకా చదివేశాడు! ఇక పూర్తి చేయడానికి ఏం మిగిలింది? ఏమీ ఎరగనట్టు చదివేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఇంతమంది ఉపవాసం తన అబద్ధం మీద విడుస్తారా? ఛీ!

"హఖాం గారూ, కొంప మునిగింది. ఇది నిన్ననే అయిపోయింది."

ఖర్జూరం దాకా వెళ్లిన మెనాషే చెయ్యి అక్కడే ఆగిపోయింది. "అయ్యో మామా, ఎంత పని చేశావు!"

హఖాం గారు గడ్డం నిమురుకున్నారు. "చదివావు సరే, అర్థమయిందా? అర్థం కాకపోతే అది చదివినట్టు కాదు."

ఔనంటే అందరూ పస్తు. కాదంటే చలికాలమంతా కొట్టిన కోతలు గంగపాలు. శబ్తాయ్ మొహం కందగడ్డయింది.

"చివరి మాట... అర్థం కాలేదండీ."

"మా ఆకలి చూసి అంటున్నావా?"

మేడ మీద ఆడవాళ్లు కూచునేచోట జాలీ వెనకనుంచి బహియా గొంతు ఖంగుమంది. "నిజమేనండీ! రాత్రి దానర్థమేంటయ్యా అని అడిగితే, ‘నీకెందుకు, పడుకో’ అని కసిరాడు!"

మందిరమంతా గొల్లుమంది. హఖాం గారు నవ్వాపుకుంటూ పక్కన కూచుని ఆ మాట విడమరిచి చెప్పారు. "ఊఁ, ఇప్పుడు నువ్వు చదివి, అర్థం చెప్పు."

శబ్తాయ్ చదివాడు. తర్వాత జాలీ వైపు తలెత్తాడు.

"బహియా, రాత్రి అడిగావే, అదీ సంగతి. ఇద్దరికి మాట చెడితే, అవతలివాళ్లే వస్తారని కూచోకూడదట, మనమే లేచి వెళ్లాలట. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. నేను లేవలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసిందే."



"ఇప్పుడు చెప్పావుగా," అంది బహియా. "ఇక వాళ్లకి పెట్టు. మెనాషే ప్రాణం పోయేలా ఉంది."

అందరూ ఆమేన్ అన్నారు. మెనాషే ఎగబడ్డాడు. శబ్తాయ్ మాత్రం ఒక పళ్లెంలో ఖర్జూరాలూ బిస్కెట్లూ పెట్టుకుని, తను ఒక్కటీ నోట్లో వేసుకోకుండా మేడమెట్లు ఎక్కాడు.