స్టెప్నీ ఉండాల్సిన చోట కుర్చీ

కారు కొనడానికి ఖరిదా పేట నుంచి వచ్చిన బెంగాలీ మాస్టారు ముందు ఇంజను చూడలేదు, సీట్లూ చూడలేదు. నేరుగా వెనక్కి వెళ్లి డిక్కీ తెరిచారు. లోపలికి వంగి చూసి, "స్టెప్నీ కొథాయ్, బౌది?" అని అడిగారు. స్టెప్నీ ఎక్కడ వదినా అని.

అక్కడే ఉంటుంది, సరిగ్గా చూడండి అన్నాను. వరండాలోంచి లేవకుండానే అన్నాను. మా ఇంట్లో ఏ వస్తువైనా కనపడకుండా పోవచ్చు గాని ఆ అదనపు చక్రం పోదు.

"లేదు బౌది. ఇక్కడ కుర్చీ ఉంది."

వెళ్లి చూశాను. టైరు నిలబెట్టే చోట గోనెసంచి పరిచి, దాని మీద మా కాన్వాసు మడత కుర్చీ పడుకోబెట్టి ఉంది. జాకీ ఉంది. నూనెగుడ్డలో చుట్టిన స్పానర్లు ఉన్నాయి. చిన్న సుత్తి ఉంది. టైరు లేదు.

"చురి హోయె గేఛే," అన్నారు మాస్టారు. ఎవరో ఎత్తుకుపోయారని. నాకూ అలాగే అనిపించింది. మా ఆయన పోయి అప్పటికి రెండో నెల. కారు అన్నాళ్లూ న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరు ముందు అలాగే పడి ఉంది. అడిగేవాళ్లు లేరని ఎవరైనా తీసి ఉండవచ్చు.

"వచ్చే ఆదివారం వస్తాను బౌది. ఈలోగా దొరికితే సరే. స్టెప్నీ లేకుండా మాత్రం పిల్లల్ని రోడ్డెక్కించలేను," అని ఆయన వెళ్లిపోయారు.

క్వార్టరు ఖాళీ చేయాలి. విజయనగరంలో మా తమ్ముడి దగ్గరికి వెళ్లాలనుకున్నాను. నాకు కారు నడపడం రాదు, మాకు పిల్లలు లేరు. కారు అమ్మక తప్పదు. కాని ఆ రోజు నన్ను పట్టుకున్నది అమ్మకం సంగతి కాదు. దొంగ అయితే సుత్తీ స్పానర్లూ ఎందుకు వదిలాడు? టైరు తీసినవాడు ఆ జాగాలో కుర్చీ ఎందుకు పెట్టాడు? అదీ గోనె పరిచి మరీ.

మా ఆయన స్టేషన్లో రైళ్లు పరీక్షించే ఉద్యోగం చేసేవారు. బండి ఆగగానే సుత్తి పట్టుకుని బోగీల వెంట నడుస్తూ ఒక్కో చక్రాన్నీ కొట్టి వినాలి. మంచి చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది మొద్దుగా పలుకుతుంది. అన్నీ బాగుంటే బండి 'ఫిట్' అని రాసిచ్చేవారు. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన మనిషి, ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో-ఇండియన్ రైలు డ్రైవరు దగ్గర ఈ పాత కారు కొన్నప్పుడు, దాని టైర్లనీ సుత్తితో కొట్టి చూడడం మొదలుపెట్టారు. కారు బయటికి తీసే ముందు నాలుగు టైర్లూ కొట్టేవారు, తరువాత డిక్కీ తెరిచి స్టెప్నీని కొట్టేవారు.

పక్క క్వార్టరాయన గోడ మీంచి చూసి ఏడిపించేవాడు.

"ఏటి బావా, అది రబ్బరు. రబ్బరు మోగుతాదేటి?"

"మోగదు. సెప్తాది."

"కారుకి కూడా ఫిట్ అని రాసిస్తావేటి?"

"రాస్తాను. నీకు మాత్రం రాయను."

గోల్‌బజార్‌కి కూరలకు వెళ్లినా ఇదే వరస. అంత దగ్గరికి కూడా స్టెప్నీ ఏమిటండీ అని నేనంటే, "పంక్చరుకి గోల్‌బజారో కలకత్తాయో తెలుస్తాదేటే?" అనేవారు. ఆదివారం ఆ టైరును డిక్కీలోంచి తీసి, చేత్తో దొర్లించుకుంటూ మలంచా రోడ్డు మీది పంక్చరు దుకాణానికి తీసుకెళ్లి గాలి కొట్టించుకొచ్చేవారు. కారులోనే తీసుకెళ్లొచ్చు కదా అంటే, నడవడం మంచిదే కదా అనేవారు.

ఒకసారి దీఘా సముద్రానికి వెళ్తుంటే బేల్దా దాటాక వెనక టైరు పోయింది. టీ కొట్టు దగ్గర జనం చేరారు. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. జాకీ పెట్టి, బోల్టులు విప్పి, స్టెప్నీ ఎక్కించి, చివర సుత్తి తీసి దాన్ని ఒక దెబ్బ వేశారు. టీ కొట్టు ముసలాయన, "దాదా, ఢోల్ వాయించడం అయిందా, టీ పోయమంటారా?" అన్నాడు. జనం నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, అందరికంటే ముందు నాకు గ్లాసు అందించారు. చొక్కా తడిసిపోయింది గాని రొప్పు లేదు. ఇది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే తరువాత దీని గురించి చాలాసార్లు ఆలోచించాను.

ఆయన పోయిన రోజు డ్యూటీ నుంచి వచ్చి వరండాలో కూర్చుని బూట్లు విప్పుతున్నారు. ఒకటి విప్పారు. రెండోది విప్పలేదు. వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు. అదృష్టవంతుడు, తెలియకుండానే వెళ్లిపోయాడు. నేను తల ఊపేదాన్ని. కాని ఆ 'తెలియకుండానే' నన్ను వదల్లేదు. గుండె బాగులేదని నిజంగా తెలియదా? తెలిసి ఉంటే ఎన్నాళ్ల నుంచి? నా పక్కన కూర్చుని అన్నం తింటూ అది ఒక్కరే మోశారా? పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మనుషులు చాలా పోలికలు వాడతారు. పుస్తకాల్లో అవి వస్తే నేను పేజీ తిప్పేస్తాను. నాకు కావలసింది ఒక్కటే: ఆయనకు తెలుసా, తెలియదా.

స్టెప్నీకి దీనితో సంబంధం ఉంటుందని నేను అనుకోలేదు. మాస్టారికి జవాబు చెప్పాలి కాబట్టి మర్నాడు మలంచా రోడ్డుకి నడిచి వెళ్లాను. గాలి కొట్టేవాడికి ఆ టైరు గుర్తుంటుంది, దొంగసొత్తుగా తన దగ్గరికి వస్తే పోల్చుకుంటాడు అన్నది నా ఆలోచన.

పంక్చరు దుకాణం అతను శ్రీకాకుళం వైపు మనిషి. నన్ను చూడగానే లేచి స్టూలు తుడిచాడు.

"కూకోండమ్మా. రెండుసార్లు మీ ఈది దాకా వచ్చినాను. దినాలవుతుంటే టైరు ఊసేటని ఎనక్కెళిపోనాను."

"ఏ టైరు?"

వెనక పాత టైర్ల గుట్ట ఉంది. దానికి ఎడంగా, గోడకు ఆనించి, మా స్టెప్నీ ఉంది. దుమ్ము లేదు.

"ఇది నీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"బాబుగారే ఇచ్చినారమ్మా. పోయినేడు దసరా ముందర. కారు ఇక్కడ ఆపినారు. దిగనేదు. కిటికీలోంచే, డిక్కీలో టైరు తీసుకోరా అన్నారు. నాకు ఇచిత్రమనిపించినాది. ఎప్పుడూ ఆయనే దొర్లించుకొస్తారు కదా. సెయ్యి నొప్పా బాబూ అనడిగినాను. సెయ్యి కాదన్నారు."

"మరేమిటన్నారు?"

"ఏటీ అననేదు. నేను మళ్లీ అడగనేదు."

రోడ్డు మీద బస్సు వెళ్తోంది. అది వెళ్లేదాకా ఆగి, అతనే చెప్పాడు. "ఇది నీ కాడ ఉంచు, గాలి సూస్తుండు, దారిలో ఆగిపోతే ఏ లారీవాడితోనో కబురెడతాను, తేగలవా అన్నారు. ఎంత దూరం బాబూ అన్నాను. నువ్వే సెప్పు, ఎంత దూరం రాగలవు అన్నారు. నాదా సైకిలు. ఎనక టైరు కట్టుకుని తొక్కాల. కాసాయి ఒడ్డు దాకా అయితే వస్తాను, ఏరు దాటి నా వల్ల కాదన్నాను. ఠీక్ హై అన్నారు."

"ఎప్పుడైనా కబురు వచ్చిందా?"

"ఒక్కసారీ రానేదమ్మా. గాలి మాత్రం సూస్తానే ఉన్నాను."

ఇంటికి నడుస్తూ, ఆ చివరి ఏడాది మేము ఎక్కడెక్కడికి వెళ్లామో ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అంతకుముందు దీఘా వెళ్లాం, ఝార్‌గ్రామ్ వెళ్లాం. ఆ ఏడాది అన్నీ దగ్గరివే, హిజిలీ, సాలువా, గోల్‌బజార్. ఎక్కువసార్లు కాసాయి ఒడ్డు. అవతల మేదినీపూర్‌లో పుస్తకాల దుకాణం ఉంది, వెళ్దామండీ అని నేను అడిగాను. "ఇక్కడ బాగులేదేటే?" అన్నారు. డిక్కీలోంచి మడత కుర్చీ తీసి నీడలో వేసి, కూర్చుని చదువుకో అన్నారు. నేను లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. ఆయన తలుపు తెరుచుకుని కారులోనే కూర్చునేవారు. ఆయనకు నది నచ్చిందనుకున్నాను. నా మోకాళ్ల నొప్పులు చూసి కుర్చీ తెస్తున్నారనుకున్నాను.

అది కాదు. మేము తిరిగిన మేర అంతా ఒక మనిషి టైరు కట్టుకుని సైకిలు తొక్కగలిగిన మేర. టైరు డిక్కీలో ఉంటే ఆయనే ఎత్తి ఎక్కించాలి, అది ఇక ఆయన వల్ల కాదు. కారు ఆగిపోతే కబురు వెళ్లాలి, టైరు రావాలి, అతను ఎక్కించాలి. అందాకా నేను ఎక్కడ కూర్చుంటానన్నది కూడా ఆలోచించి పెట్టారు.

అయినా ఒక విషయం పొసగలేదు. నేను వంటింట్లో ఉండి ఆ సుత్తి చప్పుళ్లు వినేదాన్ని. వింటున్నానని ఎవరికీ చెప్పలేదు. ఐదోది పడ్డాక స్టవ్ ఆర్పి చీర సర్దుకునేదాన్ని. చివరిసారి నదికి వెళ్లినప్పుడు కూడా ఐదు పడ్డాయి. నాకు అనుమానం లేదు. దసరా నుంచి స్టెప్నీ మలంచా రోడ్డులో ఉంటే, ఆ ఐదోది ఏమిటి?

మధ్యాహ్నం కారు దగ్గరికి వెళ్లి సుత్తి తీశాను. డిక్కీ రేకు మీద కొట్టాను. చెవులు గింగురుమన్నాయి, అది కాదు. గోనెసంచి మీద కొట్టాను, చప్పుడే లేదు. జాకీ ఖంగుమంది. కుర్చీ కర్ర పొడిగా టక్కుమంది. పక్క క్వార్టరాయన గోడ మీంచి చూశాడు. ఈసారి ఏడిపించలేదు.

"ఏటి సెల్లీ, ఏటి సేస్తున్నావు?"

"అన్నయ్యా, కాసేపు మా వంటింట్లోకి వెళ్లి నిలబడతావా? కాదు, నేను వెళ్తాను. నువ్వు కొట్టు. డిక్కీ తెరిచిన చప్పుడు రావాలి. తరువాత వెనక టైరునే ఇంకోసారి కొట్టు."

ఎందుకని అడగకుండా కొట్టాడు. నేను వంటింట్లో, స్టవ్ దగ్గర, ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాను. నాలుగు పడ్డాయి. డిక్కీ మూత కిర్రుమంది. ఐదోది పడింది.

అదే.

నా చెయ్యి దానంతట అదే స్టవ్ మీదికి వెళ్లింది. స్టవ్ వెలిగించి లేదు.

ఆయనకు తెలుసు. కనీసం దసరా ముందు నుంచి తెలుసు. నేను ఆసుపత్రికి వెళ్లి డాక్టరును అడగవచ్చు. అడగలేదు. డాక్టరు చెప్పేది ఆయన గుండె గురించి. ఆయన ఏమనుకున్నారో ఈ కారే చెప్పింది. నేను వింటున్నానని కూడా ఆయనకు తెలుసు. అన్నేళ్లుగా తెలుసు. నాకు ఆ సాయంత్రం కోపం వచ్చింది. టైరు మనిషికి చెప్పిన మాట నాకు చెప్పలేదని. అతనికి మాత్రం ఏం చెప్పారు, సెయ్యి కాదని తప్ప? ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. లేని టైరు కోసం డిక్కీ తెరిచి, ఉన్న టైరును రెండోసారి కొట్టే మనిషి ముఖం ఎలా ఉండి ఉంటుందా అని చూడాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆదివారం మాస్టారు వచ్చేసరికి స్టెప్నీ దాని చోట ఉంది. పంక్చరు దుకాణం అతను సైకిలు మీద తెచ్చి పెట్టి వెళ్లాడు. మాస్టారు దాన్ని బొటనవేలితో నొక్కి చూసి తృప్తిపడ్డారు.

"దొంగ తిరిగి ఇచ్చేశాడా బౌది?"

"దొంగ కాదు. గాలికి ఇచ్చారు. నేను మర్చిపోయాను."

కుర్చీ నేను ఉంచుకున్నాను. సుత్తి కూడా ఉంచుకుందామనుకున్నాను. కాని ఇచ్చే ముందు ఒకసారి టైర్లు కొట్టి చూశాను. నాలుగూ కొట్టి, డిక్కీ తెరిచి ఐదోదీ కొట్టాను. నాకు ఐదూ ఒకేలా వినిపించాయి. ఆయనకు ఏం వినిపించేదో అడిగి తెలుసుకోలేదు. సుత్తిని నూనెగుడ్డలో చుట్టి తిరిగి దాని చోట పెట్టేశాను.

"ఎంత దూరం వెళ్తారు?" అని మాస్టారిని అడిగాను.

"రేపే బిష్ణుపూర్, బౌది. అత్తవారిల్లు. పిల్లలు గోల చేస్తున్నారు."

"అయితే నది దాటాలి."

"దాటకపోతే ఎలా?" అని నవ్వారు.

"దాటండి," అన్నాను. "స్టెప్నీ ఉంది."