బండల బండి ఎడమ తలుపు

గౌస్ పీర్‌కి అరవై నిండాయి. యర్రగుంట్లలో ముద్దనూరు రోడ్డు పక్కన ఆయన డెంటింగ్ షెడ్డు. సొట్టలు తీయడం, అతుకులు వేయడం ఎవరైనా చేస్తారు. కిందికి జారిపోయిన తలుపును మళ్లీ దాని చోట నిలబెట్టడంలో మాత్రం ఆయన చేతికి సాటి లేదు. నాపరాతి బండలు తోలే డ్రైవర్లంతా ఆయన్ను తలుపుల గౌస్ అంటారు. ఆ పిలుపు వినగానే పైకి విసుక్కుంటాడు గానీ, లోపల మురిసిపోతాడు.

అంతటి మనిషికి ఏడాదిన్నరగా కుడిచేయి లేవడం లేదు. తల దువ్వుకోవాలంటే తలనే చేతి దగ్గరికి వంచుకోవాలి. నమాజుకు నిలబడితే చెవుల దాకా ఎత్తాల్సిన చేయి రొమ్ము దగ్గరే ఆగిపోతుంది. అందుకే మసీదులో ఎప్పుడూ వెనక వరుసలో, ఓ మూల చూసుకుని నిలబడుతున్నాడు. భార్య నబీసాకు మాత్రం సలుపుగా ఉందని, అబద్ధమూ నిజమూ కాని మాట చెప్పి, తెల్లవారుజామున నూనె రాయించుకుంటాడు. అసలు సంగతి చెబితే షెడ్డు మూసేయమంటుంది. డ్రైవర్లకు తెలిస్తే ఆయన మూయక్కర్లేదు, వాళ్లే మూయిస్తారు. తలుపు ఎత్తలేని తలుపుల గౌస్ ఎవరికి కావాలి?

ఆ రోజు పొద్దున్నే ఓబుళేశు పాత పికప్ బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఇరవై ఏళ్ల బండి. ఎడమ తలుపు అంగుళం మేర కిందికి వాలిపోయి, వెనక అంచు బయటికి తెరుచుకుని ఉంది. ఓబుళేశు భార్య వెంకటేశ్వరమ్మ లోపల కూర్చుని, కిటికీలోంచి ఎడమచేయి బయటికి వేసి ఆ తలుపును పట్టుకుంది. పాలిష్ మిషన్ల దగ్గర బండలు ఎక్కించుకునేదీ, ఊళ్లలో దించేదీ మొగుడూ పెళ్లాలిద్దరే. కూలి మనిషిని పెట్టుకునే తాహతు వాళ్లకు లేదు.

"ఏమప్పా, తలుపు ఇట్ల జారిపోయేదాంక ఏం చేస్తాండావు?" అన్నాడు గౌస్ పీర్.

"ఏం చేసేది మామా, బండి నిలిపితే ఆ పొద్దు బాడిగ పాయె. మా ఆమె పట్టుకుంటాది లే అని తిప్పుతాండా. రెండేండ్లాయ. గొళ్లెం కంటే గట్టిది మా ఆమె" అని నవ్వాడు ఓబుళేశు.

వెంకటేశ్వరమ్మ నవ్వలేదు. "నిన్న మలుపు కాడ తలుపు చెయ్యి జారి తెర్సుకుండె మామా. బండి కింద పడాల్సిందాన్ని. ఈ పొద్దు బద్వేలుకు పోవాల. శానా దూరం. బాగ చెయ్యి" అంది.

గౌస్ పీర్‌కి ఒక పద్ధతి ఉంది. బండల బండికి ఖాళీగా ఉన్నప్పుడు తలుపు కట్టడు. ఏళ్ల తరబడి బరువు మోసిన ఛాసిస్, లోడు పడగానే కాస్త వంగుతుంది. దాంతోపాటు క్యాబిన్ కూడా ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకని ముందు పోయి లోడు ఎక్కించుకుని రమ్మంటాడు. ఆ బరువు మీదే తలుపు నిలబెడతాడు. నలభై ఏళ్లుగా ఆయన పేరు నిలబడింది ఆ పద్ధతి మీదే.

ఆ రోజు మాత్రం రమ్మనలేదు. వాళ్లు లోడు ఎక్కించుకుని వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. నూనె పెట్టిన చేయి పొద్దుట రెండు మూడు గంటలే మాట వింటుంది, ఆ తర్వాత మొద్దుబారిపోతుంది. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాడు.

అరిగిన పిన్నులు, బుష్షులు మార్చాడు. తలుపు బందులు బిగించే చోట చీలిన రేకును వెల్డింగ్ చేశాడు. తలుపు కింద చెక్క, చెక్క కింద జాకీ పెట్టి పైకి లేపి బోల్టులు బిగించాడు. ఖాళీ బండి కాబట్టి జాకీతోనే పని జరిగిపోయింది. వేలితో నెడితే చాలు, తలుపు టక్కున పడింది. వెంకటేశ్వరమ్మ నమ్మలేక మూడుసార్లు తీసి వేసి చూసుకుంది. వాళ్లు సంతోషంగా లోడుకు పోయారు. గౌస్ పీర్ కూడా గండం గడిచిందనుకుని కూర్చున్నాడు.

ఒంటిగంటకు ఆయన అన్నం క్యారియర్ విప్పుతుండగా బండి తిరిగొచ్చింది. వెనక నిండా బండలు. ఎడమ తలుపు సగం పడి, అక్కడే ఇరుక్కుని ఉంది.

"బండలు పడంగానే తలుపు పట్టకపాయ మామా" అన్నాడు ఓబుళేశు.

"నీ బండి ముసల్దయిపాయప్పా" అన్నాడు గౌస్ పీర్. అన్న మరుక్షణమే ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది. చేసిన పని తిరిగి షెడ్డుకు రావడం ఈ నలభై ఏళ్లలో ఇదే మొదలు. పైగా తెలియక చేసింది కాదు. "కాదులే, తప్పు నాది. ఖాళీ బండికి కట్టకూడదు. తెల్సీ కట్టినా" అని క్యారియర్ మూసి లేచాడు.

బోల్టులు వదులు చేసి జాకీ పెట్టాడు. జాకీ బరువు మోస్తుంది, అంతే. ఆఖరి నూలుపోగంత ఎత్తు మనిషే ఎత్తాలి. ఒక చేత్తో తలుపును పైకీ లోపలికీ ఒత్తిపట్టి, రెండో చేత్తో పానా తిప్పాలి. కుడిచేయి పెట్టబోతే అది రొమ్ము దాటలేదు. ఎడమచేత్తో ఎత్తి కుడిచేత్తో పానా పట్టుకుంటే పానా తిరగలేదు. చెమటలు కారాయి. ఓబుళేశు సాయానికొచ్చి బలమంతా పెట్టి ఎత్తేసరికి తలుపు వేలెడు పైకి పోయి రేకుకు తగిలింది.

"నువ్వు తప్పుకో, నేను పడతా" అంటూ వెంకటేశ్వరమ్మ మొగుడిని పక్కకు నెట్టింది. తలుపు కింద కుడి భుజం ఆనించి నెమ్మదిగా లేచింది. లేచి ఒకచోట ఆగింది. "ఈడికి మామా. బిగించు."

కొలత చూడాల్సిన పని లేకపోయింది. రెండేళ్లు ఆ తలుపు బరువు మోసిన మనిషికి అది ఎక్కడుండాలో తెలుసు. గౌస్ పీర్ ఎడమచేత్తో నాలుగు బోల్టులూ బిగించాడు. ఆమె భుజం తీసింది. తలుపు వేసింది. అంత బరువు మీదా చక్కగా పడింది.

ఓబుళేశు హుషారుగా డ్రైవర్ సీటు వైపు నడిచాడు. వెంకటేశ్వరమ్మ మాత్రం కదల్లేదు.

"నీ కుడిచెయ్యి యెన్నాళ్లాయ మామా లెయ్యక?"

"అదేం లేదమ్మా. రవ్వంత సలుపు."

"సలుపు కాదు. నాకు తెలుసు." ఆమె తన ఎడమచేయి ఎత్తబోయింది. అది రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. "నాకు ఏడాదాయ."

ఓబుళేశు నడుస్తున్నవాడు ఆగాడు. "యేడాదా? నాకు చెప్పల్యా నువ్వు?"

"చెప్తే బండి నిల్చిపోతాది గదా."

ఓబుళేశు బండి వెనక వైపు చూశాడు. ఆ బండల్లో సగం ఇందాక ఆమె ఎక్కించినవే. ఫోను తీసి బద్వేలుకు చేశాడు. "ఈ పొద్దు కాదన్నా, రేపు తెస్తా. దించేకి మనిషిని చూసుకోవాల" అని పెట్టేశాడు.

"చూస్తివా మామా, చెప్పంగానే నిల్చిపాయ" అంది వెంకటేశ్వరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. పోట్లాడే ఓపిక కూడా మిగల్లేదు.

 గౌస్ పీర్ పానా తుడిచి లోపల పెట్టి, క్యారియర్ చేతికి తీసుకుని బయటికొచ్చాడు. నబీసా ఈ వేళప్పుడు ఇంట్లోనే ఉంటుంది. ఈ పొద్దు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు నిలబడి ఇటే చూస్తున్నారు. వాళ్లకు కూడా వినబడేలా అన్నాడు.

"ఓబుళేసూ, ఆ షట్టర్ రవ్వంత కిందికి గుంజప్పా. నాకు చెయ్యి అందదు."