తల ఊడే గొల్యాతు

పోయిన ఆదివారం ఆరాధనకు ముందు సండేస్కూలు గదిలో కుర్చీలు సర్దుతుంటే, జాలరిపేట నుంచి కొత్తగా వస్తున్న ఒక పిల్ల నా బల్ల మీద పాలిథిన్ కవరు పెట్టి, వెళ్లి కూర్చుంది. ముడి విప్పగానే వాసన ముఖాన కొట్టింది. పైన ఎండుచేపల వాసన, దాని కింద కలరా ఉండల వాసన, అన్నిటికీ అడుగున తడిసిన గొర్రెబొచ్చులో యంత్రాల నూనె ఇంకిపోయిన వాసన. ఆ చివరి వాసన నా ముక్కుకు తెలుసు. లోపల ఉన్నదెవరో చూడక ముందే తెలిసిపోయింది. గొల్యాతు.

మా అమ్మ కత్తెరతో కోసిన గొల్యాతు బొమ్మ.

మా ఇల్లు జాలరిపేటకు ఆనుకునే ఉండేది. వానాకాలంలో సముద్రం రాత్రంతా ఎవరినో తలుపుకేసి బాదుతున్నట్టు మోగేది. తుఫాను వచ్చిందంటే తెప్పలు గాలికి లేచి ఒకదాన్నొకటి గుద్దుకుని ముక్కలయ్యేవి. తెల్లారితే ఆ చెక్కలకోసం మగవాళ్లు కొట్టుకునేవాళ్లు. ఒడ్డున ఆడవాళ్లు టేకు చేపల ముట్టెలూ వంజరాల తలలూ నరుకుతుంటే, ఆ నెత్తురు ఇసకలోకి ఇంకక ముందే కుక్కలు ఎగబడేవి. క్రిస్మస్ ముందురోజు మా సంఘం వెనక దొడ్లో వేటపోతును కోసేవారు. మేం పిల్లలం దాని కాళ్లు తన్నుకోవడం ఆగేదాకా చూసి, తర్వాత అరిసెల కోసం పరిగెత్తేవాళ్లం. ఆ మాంసం కూరా, ఆ అరిసెలూ, కిరోసిన్ పొయ్యి మీద ఇసకలో కాల్చిన కేకూ అన్నీ ఒకే పళ్లెంలో కలిసిపోయేవి. మా బాల్యం మెత్తనిదని నేను ఎవరికీ చెప్పను. మేం దెబ్బల మధ్యే పెరిగాం. నాన్న బెల్టు, మాస్టారి బెత్తం, అన్నయ్య శామ్యూలు పిడికిలి. దెబ్బ తిన్న తర్వాత అన్నం తినడం మాకు వింత కాదు.

నాన్న పోర్టులో క్రేను మీద పని చేసేవాడు. డ్యూటీ నుంచి వస్తూ టిఫిను సంచిలో మాకు రెండు రకాల బహుమానాలు తెచ్చేవాడు. ఒకటి, ఓడల్లోకి ఎక్కించే ఇనుప ఖనిజపు గుళికలు. గోలీలంత ఉండేవి, నల్లగా గుండ్రంగా, అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలిసేవి. రెండోది, పాత ఓడల సామాను అమ్మే కొట్లలో దొరికే ఫెల్టు ముక్కలు. యంత్రాలు అదరకుండా వాటి కింద పరిచే మందపాటి ఉన్ని అది. బూడిదరంగు, కాకీ, ముదురాకుపచ్చ తప్ప వేరే రంగు దొరికేది కాదు. అమ్మ దాన్ని సర్ఫులో నానబెట్టి, ఉతికి ఉతికి నూనె వదిలించబోయేది. వాసన మాత్రం వదిలేది కాదు. "ఇది నేసిన గుడ్డ కాదే. గొర్రెబొచ్చుని తడిపి, కొట్టి కొట్టి సేత్తారు. అందుకే ఎక్కడ కోసినా పోగు రాలదు" అనేది.

అమ్మ పేరు రూతమ్మ. పేటలో అందరికీ, మా మతం కాని వాళ్లకు కూడా, టీచరమ్మ. చెక్కకు నీలం రగ్గు బిగించి ఒక బోర్డు తయారు చేసుకుంది. ఫెల్టు బొమ్మను దాని మీద అద్దితే చాలు, బొచ్చుకు బొచ్చు పట్టుకుని నిలబడిపోయేది. మేకు లేదు, జిగురు లేదు. కథ నడుస్తున్నకొద్దీ అమ్మ వేళ్లు బొమ్మల్ని జరుపుతుండేవి. ఎర్ర సముద్రం చీలేది, సింహాలు నోళ్లు మూసుకునేవి.

అప్పుడు మా ఇంట్లోకి టీవీ వచ్చింది. ఆదివారం పొద్దున్న, సరిగ్గా సండేస్కూలు వేళకే, ఒక బొమ్మల కార్యక్రమం వచ్చేది. ఒక గాడిద, ఒక కోడిపుంజు. మాటలు హిందీలో ఉండేవి, మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అవసరమూ ఉండేది కాదు. పుంజు మేడ మీంచి గాడిద నెత్తిన ఇనప బీరువా పడేసేది. గాడిద రోడ్డురోలరు కింద అప్పడంలా నలిగిపోయేది. నాలుక కరెంటు తీగకు తగిలి బొగ్గయిపోయేది. మరుక్షణం తల విదిలించి, చుట్టూ తిరిగే నక్షత్రాల్ని ఈగల్లా తోలుకుని, లేచి మళ్లీ పుంజు వెంట పడేది. పేటలోని పిల్లలంతా మా ముందుగదిలో ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వేవాళ్లు. అందరికంటే గట్టిగా నవ్వేవాడు అప్పన్న. చేపలమ్మే నూకరత్నం ఒక్కగానొక్క కొడుకు, మా అన్నయ్య ఈడువాడు.

అక్కడ మా సంఘం గుడిలో అమ్మ ఖాళీ చాపల ముందు నిలబడి ఉండేది. ఒక ఆదివారం బైబిలు చంకలో పెట్టుకుని మధ్యలోనే ఇంటికి వచ్చేసింది. గుమ్మంలోనే నిలబడి టీవీ చూసింది. గాడిద కొండ మీంచి పడి, నేలలో గాడిద ఆకారపు గొయ్యి చేసి, అందులోంచి పైకి వచ్చింది.

"ఈడు సావడేటి?" అంది అమ్మ.

"ఈడికి సావు నేదు టీచరమ్మా" అన్నాడు అప్పన్న, కళ్లు తెరమీంచి తిప్పకుండా.

"సచ్చి లేసినోడు ఒక్కడేరా. మిగతావోళ్లు లెగరు."

"మీవోడి సంగతి నాకు తెల్దు. ఈడు మాత్రం వారం వారం లెగుత్తాడు."

గదంతా నవ్వింది. అమ్మ నవ్వలేదు. పిల్లలు ఎందుకు అక్కడున్నారో ఆమెకు అర్థమైంది. ఆ వారమంతా కత్తెర పట్టుకుని కూర్చుంది. రక్తానికి ఎర్రరంగు కావాలి, ఎర్ర ఫెల్టు దొరకదు. చివరికి సంఘం పెట్టెలోంచి క్రిస్మస్ తాత టోపీ తీసి కోసేసింది. నిద్రపోతున్న సేనాని సీసెరా కణతలోకి దిగే మేకు కోసింది. సమ్సోను కూల్చే స్తంభాల్ని విడివిడిగా కోసింది. బూడిదరంగు ఫెల్టులో చెయ్యంత ఎత్తు గొల్యాతును చేసి, వాడి తలను వేరుగా కోసింది. గొర్రెలు కాసే కుర్రాడు దావీదు వడిసెల రాయితో వాడిని పడగొట్టి, కత్తి ఎత్తగానే ఆమె వేలు ఒక్క దెబ్బ కొట్టేది. తల ఊడి దావీదు చేతికి అతుక్కునేది. మెడ దగ్గర ఎర్రటి ముక్క.

పిల్లలు తిరిగొచ్చారు. మొదటిసారి ఆ తల ఊడినప్పుడు అందరూ చాపల మీంచి ముందుకు జరిగారు. తర్వాత అప్పన్న గొంతు వినిపించింది.

"ఇప్పుడు లెగుత్తాడేటి టీచరమ్మా?"

"లెగడు."

మరుసటి ఆదివారం అమ్మ పాత కథ గుర్తుచేద్దామని గొల్యాతును మళ్లీ తలతో సహా బోర్డు మీద నిలబెట్టింది. అప్పన్న చాప మీంచి ఎగిరి గంతేశాడు. "సూసినారా! లెగిసినాడు! నాను సెప్పనేదా!"

అమ్మ కూడా ఆ రోజు నవ్వేసింది.

వేసవి సెలవుల్లో పిల్లలు ఇసకలో, లాగి పెట్టిన తెప్పల వెనక, ఆ కథే ఆడేవాళ్లు. అన్నయ్య దావీదు. వాడికి వడిసెల కట్టి ఇచ్చింది అప్పన్నే, వాళ్ల నాన్న చిరిగిన వల ముక్కతో. దావీదు వాగులో ఏరుకున్నవి ఐదు రాళ్లు కాబట్టి ఒకరోజు అన్నయ్య, నాన్న తెచ్చిన గుళికల్లోంచి ఐదు ఏరి జేబులో వేసుకున్నాడు. అప్పన్న గుండెకు సత్తు పళ్లెం కట్టుకుని, నెత్తిన చేపల గంప బోర్లించుకుని, చేతులు బార్లా చాపి నిలబడ్డాడు. గంప కళ్లకు అడ్డం పడుతోందని తీసి పారేశాడు. నేను పక్కనే ఇశ్రాయేలు సైన్యంగా కూర్చుని ఉన్నాను.

"కొట్రా బావా! గట్టిగా కొట్టు! లెగుత్తాను గదా!"

వడిసెల గాలిలో తిరిగిన చప్పుడు, ఆ తర్వాత పచ్చికొబ్బరి పగిలినట్టు ఇంకో చప్పుడు. అప్పన్న వెల్లకిలా పడ్డాడు. మేం చప్పట్లు కొట్టాం. వాడు మోచేతుల మీద లేచి, గాడిదలాగే తల విదిలించాడు. విదిలిస్తే నెత్తురు మా అందరి మీదా చిమ్మింది. ఇంకోసారి విదిలించాడు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట కన్ను లేదు. అయినా ఒక మోకాలు పైకి తెచ్చాడు, లేవడానికి. అప్పుడు పడిపోయాడు.

సాయంత్రానికి నాన్న అన్నయ్యను బెల్టుతో కొడుతూ ఉన్నాడు. కొడుతూ కొడుతూ తనే ఏడుస్తున్నాడు. చేపలు కోసే కత్తి పట్టుకుని నూకరత్నం మా గుమ్మంలోకి దూసుకొచ్చింది. కొడుకును పెద్దాసుపత్రిలో ఒదిలి నేరుగా వచ్చింది. చీర నిండా వాడి రక్తమే.

"ఏడాడు? ఆడి కన్ను నాకు కావాల! ఈయండి, ఎల్లిపోతాను!"

నాన్న బెల్టు కింద పడేశాడు. అమ్మ అన్నయ్యకూ ఆ కత్తికీ మధ్యకు వచ్చి, గుమ్మంలో నిలబడింది. "నాది తీసుకో రత్నం" అంది. "ఆడికి నేర్పింది నానే."

కత్తి లేచింది. అమ్మ చెవి పక్కనుంచి వెళ్లి ద్వారబంధంలో దిగబడింది. నూకరత్నం దాన్ని లాగడానికి కూడా ఆగలేదు. "ఓలమ్మో, నా బిడ్డ" అంటూ వచ్చిన దారినే ఆసుపత్రికి పరిగెత్తింది. ఆమె వెనకే, చెప్పులు లేకుండా, అమ్మ.

కన్ను పోయిందని డాక్టర్లు చెప్పిన ఆదివారం, మా సంఘంలో ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. టీవీయే ఇంతకు తెచ్చిందని, అది సాతాను ఇంట్లో పెట్టించిన బలిపీఠమని సంఘ పెద్ద ప్రసంగించాడు. నాన్న వెళ్లి మా టీవీని రిక్షాలో తెచ్చి గుడి ఆవరణలో పెట్టాడు. పోర్టు నుంచి తెచ్చిన సమ్మెటతో ఒక్క దెబ్బ వేశాడు. బాంబు పేలినట్టు పేలింది. గాజుముక్కలు కొబ్బరిమట్టల దాకా ఎగిరాయి. ఆడవాళ్లు స్తోత్రం చెప్పారు. పిల్లలం ఆ పెట్టెకేసి చూస్తూ నిలబడ్డాం. అది లేవలేదు.

అప్పుడు అమ్మ సండేస్కూలు గదిలోంచి నీలం రగ్గు బోర్డు మోసుకొచ్చి గాజుముక్కల్లో నిలబెట్టింది. దాని మీద గొల్యాతు ఉన్నాడు. "దీన్ని కూడా కొట్టండి" అంది.

సంఘ పెద్ద తత్తరపడ్డాడు. "అదేటమ్మా రూతమ్మా, అది వాక్యం గదా?"

"వాక్యం పుస్తకంలో ఉన్నాది బాబూ. దాన్నెవలూ కొట్టలేరు. ఇది నాను కత్తెరతో కోసింది. తల ఊడి మళ్లీ అతుక్కునేటట్టు కోసింది నానే. పిల్లలు రావాలని కోసినాను. ఆ రాయి టీవీలోంచి రాలేదు. నా బోర్డులోంచి వచ్చింది."

నాన్న చేతిలో సమ్మెట ఉంది. ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు. అమ్మ బోర్డును గోడకు ఆనించి, గొల్యాతును మాత్రం కొంగులో చుట్టుకుని ఆసుపత్రి దారి పట్టింది. నేను ఆమె వెనకే వెళ్లాను.

నూకరత్నం మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. మా వైపు చూడలేదు, పొమ్మనీ అనలేదు. అప్పన్న సగం ముఖం కట్టులో ఉంది. మిగిలిన కంటితో అమ్మ కొంగు వైపు చూశాడు. "గొల్యాతేడి?" అన్నాడు. అమ్మ బొమ్మ తీసింది, తల వేరుగా, మొండెం వేరుగా. వాడు రెండింటినీ పుచ్చుకుని దగ్గర పెట్టి చూశాడు. రగ్గు లేనిచోట అవి అతుక్కోలేదు. దెబ్బ తగిలినప్పుడు ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు.

అమ్మ జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసింది. దారం లేదు. చుట్టూ చూసింది. నూకరత్నం తన రొంటిన ఉన్న సంచి విప్పి, వలలు అల్లే నైలాను దారం తెంపి ఇచ్చింది. అది సూదిబెజ్జంలో దూరలేదు. నూకరత్నమే బొమ్మ లాక్కుని, వల అతికే పెద్ద సూదితో తల కుట్టేసింది. ముడి పళ్లతో కొరికి, కొడుకు గుండెల మీద పెట్టింది. "ఇంక ఊడదు, పడుకో" అంది. ఎవరితో అందో నాకు తెలియదు.

అమ్మ చాలాకాలం సండేస్కూలు చెప్పలేదు. మళ్లీ మొదలుపెట్టాక దావీదు కథ చెప్పింది కానీ బొమ్మలతో చెప్పలేదు. ఈస్టరు తెల్లవారుజామున మా సంఘం ఒడ్డున చేరి, పొద్దు సముద్రంలోంచి పొడుచుకొచ్చేదాకా పాడేటప్పుడు, తెప్ప మీద కూర్చుని అప్పన్న దూరం నుంచి చూస్తుండేవాడు. గుళ్లోకి ఎప్పుడూ రాలేదు. ఆ కుటుంబం సింహాచలం కొండకు మొక్కు తీర్చుకునే కుటుంబం, ఇప్పటికీ అంతే. అన్నయ్య ఇప్పుడు హార్బరులో బోటు ఇంజన్లు బాగు చేస్తాడు. అప్పన్న బోటు కూడా. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. అన్నయ్య మాత్రం ఆ పిలుపుకు ముందు ఒక్క క్షణం ఆగుతాడు, అది నాకు మాత్రమే వినిపిస్తుంది.

అమ్మ ప్రభువునందు నిద్రించింది. అమ్మ నిద్రించిన చోటి నుంచి లేస్తుందని నమ్ముతాను, నా రెండు కళ్లు నమ్మినట్టు నమ్ముతాను. పాత ఓడల ఫెల్టు అమ్మే కొట్లు పోయాయి. ఒడ్డున తెప్పలు పోయి ఫైబరు బోట్లు వచ్చాయి. ఆ గాడిదనూ పుంజునూ ఎరిగినవాళ్లు మా ఈడువాళ్లం మిగిలాం. చెదలు తిన్న నీలం రగ్గు బోర్డును గుడి బాగు చేసినప్పుడు ఎవరో పారేశారు. పిల్లలకు కథలు ఇప్పుడు తెర మీద వేస్తున్నాం, మెరిసే రంగుల్లో, తల ఊడే చోట కత్తిరించి.

పోయిన ఆదివారం తెర ఆపేశాను. కవరులోంచి గొల్యాతును తీశాను. మెడ చుట్టూ నైలాను దారం ఇంకా గట్టిగా ఉంది. ఏదో పాత అలవాటుతో వాడిని తెల్లబోర్డు మీద అద్ది చెయ్యి తీశాను. నున్నటి ప్లాస్టిక్కు వాడిని పట్టుకోలేదు. జారి, ముఖం నేలకు కొట్టుకునేలా పడ్డాడు. పిల్లలు నవ్వారు.

జాలరిపేట పిల్ల లేచి వచ్చి వాడిని తీసి, దుమ్ము దులిపి, నా చేతికిచ్చింది.

"పడితే ఏటి టీచర్" అంది. "లెగుత్తాడు. మా నాన్న లెగిసినాడు గదా."