శనివారం సూదులు

పరాయి మగాడి ముందు నాలుక బయటపెట్టడం మా ఇంటావంటా లేదు. చిన్నపిల్లలు పెట్టినా మూతి మీద ఒకటి పడేది. అలాంటిది, మనవరాలు పుట్టిన ఏడాది, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఒక బట్టల కొట్టు మేడ మీద, చైనా వైద్యుడి ముందు నేను నాలుక చాపుకుని కూర్చున్నాను. ఆయన టార్చిలైటు వేసి చూశాడు. భార్యను పిలిచి ఆవిడకీ చూపించాడు. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి రొమ్ము ఎత్తు దాటి లేచేది కాదు. జుట్టు ముడి వేసుకోలేకపోయినా, రవిక తొడుక్కోవడానికి కోడలిని పిలవాల్సి వచ్చినా పళ్ళు బిగించి ఊరుకున్నాను. కానీ చుట్టూ చెక్క కమ్మీలున్న పసిపిల్లల మంచంలోంచి మనవరాలిని ఎత్తలేకపోయాను. తగువంతా దానితోనే వచ్చింది.

కోడలికి పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది. కౌంటరు వెనక కూర్చునే ఉద్యోగం. ఆ పోస్టాఫీసులో మేము పక్క గుమ్మంలోంచి వెళ్ళి, మాకని పెట్టిన కిటికీ దగ్గర నిలబడి స్టాంపులు కొన్నవాళ్ళం. ముందు గుమ్మం తెల్లవాళ్ళది. అందరి ఓట్లూ పడి కొత్త ప్రభుత్వం వచ్చాక, ఆ ముందు గుమ్మం లోపల మా కోడలికి కుర్చీ వేస్తామన్నారు. వచ్చే నెల మొదట్లో చేరాలి. పిల్లను చూడవలసింది నేను.

"నీ చెయ్యి రాకపోతే అది జాబ్ మానేస్తది. ఇప్పుడు తిండికి లేదా మనకి?" అన్నాడు నా కొడుకు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

"నువ్వు మానెయ్‌రా. నువ్వు చూడు పిల్లని."

నవ్వాడు, నేనేదో వేళాకోళం ఆడుతున్నాననుకుని.

నాది ఉంజింటో ఊరి చెరకు తోటల్లో పుట్టిన బతుకు. రేకుల షెడ్డులో ఒక పెద్దాయన సాయంత్రాలు పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించేవాడు. ఇప్పుడు రాస్తున్నది ఆ అక్షరాలతోనే. మూడో పుస్తకం మొదలుపెట్టేలోగా మా అమ్మ మళ్ళీ కని, మళ్ళీ చెరకు కోతకు పోయింది. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నన్ను బడి మాన్పించారు. పిల్లల్ని ఎత్తే పని ఆడదాన్ని ఎక్కడికి పోనీదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా చెయ్యి పట్టేసిందని కోడలు ఇంట్లో కూర్చుంటే నా కడుపుమంట చల్లారదు.

పెద్దాసుపత్రిలో మాత్రలిచ్చారు. చెయ్యి ఆడించడం నేర్పే ఆవిడ దగ్గరికి నెలలు పోయాక రమ్మన్నారు. ఆ మాత్రలకు కడుపు మండింది గాని చెయ్యి కదల్లేదు. అప్పుడు పక్కింటావిడ ఈ చైనా వైద్యుడి మాట చెప్పింది. కొడుకు ఒక రోజు సెలవు పెట్టి, దారి పొడుగునా సణుగుతూ తీసుకెళ్ళాడు.

వైద్యుడికి ఇంగ్లీషు రాదు. ఆయన భార్య ఇక్కడే న్యూకాసిల్ వైపు స్వెట్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసి, అక్కడి ఆడవాళ్ళ దగ్గర జూలూ ముక్కలు పట్టింది. నాకు తోటల్లో మాట్లాడే ఫనకాలో అనే కలగలుపు జూలూ వచ్చు. మా ఇద్దరికీ అలా కుదిరింది. మా ఇంటి తెలుగు, ఇంగ్లీషు తప్ప ఏదీ రాని నా కొడుకు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

వైద్యుడి దగ్గరికి పాచి నోటితో పోతామా? ఆ పొద్దున రాగి బద్దతో రోజూకన్నా గట్టిగా నాలుక గీసుకున్నాను. పైగా తమలపాకు నమిలాను. ఆవిడ తన నాలుక మీద గోటితో గీసి చూపిస్తూ అడిగింది, నువ్వు గీశావా అని.

"యెబో," అన్నాను గర్వంగా. అవునని.

"ఐకోనా!" అంది, రెండు చేతులూ ఊపుతూ. గీయకూడదట. నాలుక మీద పొర చూసి ఆయన ఒంట్లో సంగతి తెలుసుకుంటాడట. నోరు ఎర్రగా పండించేవేవీ తినకూడదట. ఇంకోసారి రావాలట.

ఇంటికొచ్చి చెబితే కోడలు పిల్లను ఒళ్ళో పెట్టుకుని పడీపడీ నవ్వింది. "అత్తా, పాచి నోటికి అపాయింట్‌మెంటా!"

"నవ్వు, నవ్వు. నీ కోసమే ఈ దరిద్రమంతా."

కొడుకు ఇక సెలవు పెట్టనన్నాడు. శనివారాలైతే తీసుకెళ్తానన్నాడు. శనివారం నేను వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటాను, సాయంత్రం దీపం పెట్టాకే తిండి. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. ఆ శనివారం గీయని నాలుకతో, నడివీధిలో జుట్టు విరబోసుకుని తిరిగినంత సిగ్గుతో మేడ మెట్లెక్కాను. గుమ్మంలోనే ఆవిడ అడిగింది:

"వెనా డ్లిలే?" తిన్నావా అని.

"యెబో, యెబో."

ఎవరి గడప తొక్కినా తిన్నావా అంటారు. తిన్నానమ్మా అంటాం. తినలేదంటే వాళ్ళు పొయ్యి వెలిగించాలి. మర్యాద తెలిసిన మనిషి ఇంకేమంటుంది?

ఆయన నా రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు నాడి చూశాడు. తరవాత ప్రశ్నలు. నిద్ర పడుతుందా, రాత్రి చెమట పోస్తుందా, దొడ్డికి గట్టిగా అవుతుందా పల్చగానా. ఆవిడ మాటలతో కానివి చేతులతో చూపించేసరికి గోడ దగ్గర నా కొడుక్కి కూడా అర్థమై దగ్గడం మొదలుపెట్టాడు.

"బయటికి పోరా," అన్నాను. పోయాడు.

సూదులంటే ఇంజెక్షను సూదులనుకుని వెళ్ళాను. అవి తలవెంట్రుక అంత సన్నం. దిగేటప్పుడు చీమ కుట్టినట్టుంటుంది. ఆ తరవాత లోపల బరువుగా, తిమ్మిరిగా లాగుతుంది. భుజానికి పెట్టాడు, బాగానే ఉంది. తరవాత వంగి కాలి పిక్క పక్కన ఒకటి దించాడు.

"భుజం నొప్పంటే కాలికి పొడుస్తాడేం? కళ్ళు కనపడవా?" అని తెలుగులోనే తిట్టాను. ఆయన ఆ సూదిని వేళ్ళ మధ్య తిప్పుతూ, చెయ్యి ఎత్తమని గడ్డంతో సైగ చేశాడు. ఎత్తాను. రొమ్ము దాటింది. గడ్డం దాకా వచ్చింది. నా చెయ్యేనా అని నేనే చూసుకున్నాను.

అంతలో చెవుల్లో చెరకు మిల్లు తిరిగినట్టు హోరు. చెమట. పైకప్పు నల్లబడింది.

కళ్ళు తెరిచేసరికి సూదులన్నీ తీసేసి ఉన్నాయి. నా కాళ్ళ కింద దిండ్లు పెట్టారు. వైద్యుడు బొటనవేలితో ముక్కు కింద నొక్కుతున్నాడు. ఆవిడ చెంచాతో నోట్లో ఏదో పోస్తోంది. తియ్యగా ఉంది. పంచదార నీళ్ళు. శనివారం పూట, నా నోట్లో! చెంచా తోసేశాను. ఆయన అరవడం మొదలుపెట్టాడు. ఆవిడా అరిచింది. "తిన్నానన్నావు! ఎందుకన్నావు?"

"అడిగితే తిన్నాననే అంటాం! నీ ఇంటికొచ్చి ఆకలేస్తోందని చెబుతానా?"

ఆవిడ చెంచా పక్కన పెట్టింది. మా దేశంలోనూ ఎదురైతే అలాగే అడుగుతాం, అలాగే అబద్ధమాడతాం, అంది. కానీ ఇక్కడ అడిగింది సూది కోసం. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళకు సూది పెడితే పడిపోతారు. తినకుండా వస్తే ఆయన ఇక ముట్టుకోడు. అదీ ఆఖరి మాట.

కారులో నా కొడుకు హాయిగా ఉన్నాడు. "దేవుడే వద్దన్నాడమ్మా. లీవ్ ఇట్. నేను దానికి చెప్తాలే, జాబ్ వద్దని."

"దేవుడు నీతో ఎప్పుడు మాట్లాడాడ్రా? నాతో మాట్లాడితే శనివారం వద్దంటాడు. బుధవారానికేం రోగం?"

"బుధవారం నేను తీస్కెళ్ళను."

"టాక్సీలో పోతా."

"టాక్సీల్లో గన్‌లతో కాల్చుకుంటున్నరు. న్యూస్ చూడవా?"

"అందులో పనికి పోయే ఆడాళ్ళు మనుషులు కారా?"

బుధవారం పొద్దున ఆ చిన్న వ్యాను టాక్సీలో, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ఇరుక్కుని వెళ్ళాను. మేడ మెట్ల మీద కూర్చుని, మిగిలిన రొట్టె, చిక్కుడు గింజల కూర డబ్బాలోంచి తీసి ఆవిడ కళ్ళెదుటే తిన్నాను. "చూసుకో," అన్నాను. ఆవిడ నవ్వుతూ ఒక ముక్క తీసుకుని తిని, కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు.

అలా బుధవారాలు, శుక్రవారాలు వెళ్ళాను. సూదులయ్యాక గాజు బుడ్లు పెట్టేవాడు. బుడ్డిలో మంట తిప్పి తీసి, చల్లారేలోగా వీపుకు అంటిస్తే చర్మాన్ని లోపలికి పీల్చేస్తుంది. తీశాక బీట్‌రూట్ చక్రాల్లా మచ్చలు. వారం దాకా పోవు. పక్కింటావిడ రవిక మెడ దగ్గర చూసి, "కొడుకు కొట్టాడా?" అంది.

"వాడికంత ఓపికా?"

వేళ్ళు, బెరళ్ళు పొట్లాలు కట్టి ఇచ్చేవారు. రెండుసార్లు మరగబెట్టి పారెయ్యమన్నారు. నేను మూడోసారి కూడా మరగబెట్టేదాన్ని. ఇల్లంతా కాలిన బెరడు కంపు. ఇల్లు మురుక్కాలవలా ఉందన్నాడు కొడుకు. బయట పడుకోమన్నాను.

కానీ పట్టేసిన భుజం పూర్తిగా విడవాలంటే నెలలు పడుతుందని ఆవిడ అప్పుడు చెప్పింది. వచ్చే నెలకి కుదరదు. ముందే ఎందుకు చెప్పలేదని అరిచాను. ముందే నువ్వు అడగలేదంది. నొప్పి తగ్గిన మాట నిజం. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోగలిగాను. చెయ్యి గడ్డం ఎత్తుకు వచ్చి ఆగిపోయింది.

కోడలు చేరడానికి ముందు ఆదివారం, అందరి ముందూ కమ్మీ మీంచి చేతులు చాచి పిల్లను పట్టుకున్నాను. జానెడు ఎత్తాను. కమ్మీ దాటించబోతే భుజంలో నిప్పు పడింది. పిల్లను మళ్ళీ పరుపు మీదే వదిలేశాను. అది గుక్కపెట్టి ఏడ్చింది.

"చెప్పాగా," అన్నాడు కొడుకు.

"అత్తా, నేను రేపు ఫోన్ చేసి రానని చెప్పేస్తా," అంది కోడలు. ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుంది.

ఆ కమ్మీకేసి చూశాను. నా చేతికి అడ్డం దాని ఎత్తొక్కటే.

"రంపం తేరా."

"ఎందుకు?"

"దీని కాళ్ళు కోసెయ్."

"మా అత్త కొనిచ్చిందమ్మా అది! కొత్తది! కోస్తే ఎవడు కొంటాడు మళ్ళీ?"

దారం ముక్క కూడా చుట్టి దాచే మనిషిని నేను. మంచి చెక్క, మంచి రంగు, పాడుచెయ్యడం నాకు మాత్రం ప్రాణం ఒప్పుతుందా? ఆ కోపం కూడా వాడి మీదే వచ్చింది.

"కోస్తావా, నేను ఎడంచేత్తో కొయ్యనా?"

వాడు కోశాడు. సాయంత్రం దాకా గొణుగుతూ, నాలుగు కాళ్ళూ సమంగా రాక మళ్ళీ మళ్ళీ కోశాడు. కోడలు పిల్లను అందులో పడుకోబెట్టింది. పరుపు దాదాపు నేలకు ఆనింది, కమ్మీ నా మోకాళ్ళ దగ్గరికి దిగింది. వంగాను. చేతులు కిందికి తేలిగ్గా పోయాయి. పిల్లను గుండెకు అదుముకుని లేచాను. నడుము పట్టింది, భుజం సలిపింది. దింపలేదు.

"ఏం చూస్తున్నావ్ నిలబడి?" అన్నాను కోడలితో. "రేపటికి చీర ఇస్త్రీ చేసుకో, పో."